‘కోతలేమీ లేవు’: ఒక మందుల కిటికీ దగ్గర నేర్చుకున్న లెక్క

ముందే ఒక మాట. ఇందులో ఊరి పేరు, దవాఖాన పేరు, కాలేజీ పేరు ఉండవు. హన్మకొండలో పొద్దున ఆరింటి బస్సు ఎక్కితే ఓపీ చీటీలు రాసే టైముకి చేరుకునేంత దూరం, అంతవరకే చెబుతాను. కొన్ని చిన్న చిన్న వివరాలు కావాలనే మార్చాను. ఈ కథలో ఉన్నవాళ్లలో ఇద్దరు ఇంకా అక్కడే కాంట్రాక్టు మీద పని చేస్తున్నారు, వాళ్ల పొట్ట కొట్టే ఉద్దేశం నాకు లేదు.

నేను ఫార్మ్‌డీ (డాక్టర్ ఆఫ్ ఫార్మసీ) పిల్లలకు ఫార్మసీ ప్రాక్టీస్ చెబుతాను. వాళ్లను దవాఖానకు తీసుకెళ్లి, వార్డుల్లో తిప్పి, కేస్ షీట్లు రాయించి, చివర్లో సంతకం పెట్టే సార్‌ని. ఉద్యమాలు నడపడం నా పని కాదు, నాకు రాదు కూడా. కానీ దవాఖానలో పేషంట్లకు మందులు సరిగా అందడం లేదని పిల్లలు పోరాటం మొదలుపెట్టాక పక్కన నిలబడకుండా ఉండలేకపోయాను. మూడుసార్లు తప్పు దారి పట్టాం, నాలుగోసారి కొంత దొరికింది. వేరే కాలేజీల పిల్లలు ఇలాంటిదే మొదలుపెడుతున్నామని అడుగుతుంటే ప్రతివాళ్లకీ ఫోన్లో చెప్పడం కష్టమై ఇది రాస్తున్నాను.

నేపథ్యం

ఫార్మ్‌డీ మన దేశంలో 2008లో మొదలైంది. ఆరేళ్ల కోర్సు, చివరి ఏడాది అంతా ఇంటర్న్‌షిప్, దవాఖానలోనే. మేం వెళ్లేది ఒక సర్కారు పెద్దాసుపత్రి. జిల్లాకో మెడికల్ కాలేజీ అన్నాక దాని రూపు మారింది, కొత్త బిల్డింగు కట్టారు, మంచాలు పెరిగాయి, ఇంతకుముందు వరంగల్ పొమ్మని రాసిచ్చే కేసులు ఇక్కడే చూస్తున్నారు. ఓపీ క్యూ మెట్ల దాకా వస్తోంది.

సర్కారు దవాఖానకు మందులు ఎలా వస్తాయో తెలియనివాళ్లకు రెండు ముక్కల్లో చెబుతాను, లేకపోతే తర్వాతది అర్థం కాదు. రాష్ట్ర స్థాయిలో ఒక కార్పొరేషన్ మందులు కొంటుంది, అవి సెంట్రల్ మెడిసిన్ స్టోర్లకు వస్తాయి, దవాఖాన అక్కడికి ఇండెంట్ పెట్టి తెచ్చుకుంటుంది. మూడు నెలలకు ఇంత అని ఒక్కో దవాఖానకు ఒక పరిమితి ఉంటుంది, దానికి లోబడే ఇండెంట్. స్టాకంతా ఈ-ఔషధి అనే సాఫ్ట్‌వేర్‌లో కనిపిస్తుంది. ఇది కాక అత్యవసరంగా బయట కొనుక్కోవడానికి కొద్దిగా లోకల్ పర్చేజ్ డబ్బు ఉంటుంది.

సమస్య ఎలా కనబడింది

ఐదో సంవత్సరం పిల్లలు వార్డు రౌండ్లలో ఒకటి గమనించారు. ‘బయట తెచ్చుకోండి’ అని చిన్న చీటీలు రాసివ్వడం ఎక్కువైంది. ముందు యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు, తర్వాత ఇన్సులిన్. వార్డులో అడిగితే నర్సులు, అటెండర్లు అందరిదీ ఒకటే మాట: ‘పైనుంచి కోత పెట్టిన్రు’. ఎవరు పెట్టారు, ఎంత పెట్టారు, ఎప్పటినుంచి, ఎవరికీ తెలియదు. పిల్లలు ఆ మాట పట్టుకుని కాలేజీకి వచ్చారు. మర్నాటికే వాట్సాప్ గ్రూపు, దానికో పేరు, డీపీలో పిడికిలి.

అదే వారంలో ఇంకోటి జరిగింది, అప్పుడు మేం పట్టించుకోలేదు. ఇరవై ఏళ్ల అబ్బాయి, మూర్ఛ వ్యాధి, ఫెనిటోయిన్ వాడుతున్నాడు, ఫిట్స్ వచ్చి అడ్మిట్ అయ్యాడు. మా అమ్మాయి ఒకతి హిస్టరీ తీసింది. తల్లి చెప్పిందట, ‘గోలీలు అయిపోతయని దినం తప్పించి దినం వేసిన’ అని. మా ఫారంలో దానికొక గడి ఉంది, కంప్లయన్స్ అని. ‘లేదు’ అని టిక్ పెట్టింది. అంటే మందు సరిగా వాడలేదు, తప్పు పేషంట్‌ది. కింద సంతకం పెట్టింది నేను. దీన్ని గుర్తు పెట్టుకోండి, మళ్లీ వస్తాను.

మొదటి ప్రయత్నం: సంతకాలు

పిల్లల్లో ఒకమ్మాయి వాళ్ల అక్క ఇంగ్లండ్‌లో చదువుతోంది. ఆమె ద్వారా అక్కడి గొడవ తెలిసింది. 2015 డిసెంబర్‌లో ఇంగ్లండ్ ఆరోగ్య శాఖ ఫార్మసీలకిచ్చే డబ్బులో 17 కోట్ల పౌండ్లు తగ్గిస్తామని లేఖ రాసింది, అప్పటికి వస్తున్నది ఏడాదికి 280 కోట్ల పౌండ్లు. మూడు వేల దాకా షాపులు మూతపడొచ్చని అక్కడి మంత్రే అన్నాడు. ఫార్మసిస్టులు, ఫార్మసీ విద్యార్థులు రోడ్డెక్కారు. లక్షల కొద్దీ సంతకాలు పోగుచేసి 2016 మేలో ప్రధాని ఇంటికి తీసుకెళ్లి ఇచ్చారు. మా పిల్లలకు రక్తం ఉడికింది. మనమూ అదే చేద్దాం సార్ అన్నారు. సరే అన్నాను. ఆ కథ చివరిదాకా చదవకపోవడం నా తప్పు. అన్ని సంతకాలు వచ్చినా అదే ఏడాది అక్టోబర్‌లో కోతలు ప్రకటించారు, డిసెంబర్‌లో అమల్లోకి వచ్చాయి, కోర్టుకెళ్తే 2017లో కేసు కొట్టేశారు. ఇది మాకు తెలిసేసరికి మా పుస్తకాలు సగం నిండాయి.

అయినా అసలు తేడా అది కాదు. అక్కడ రోడ్డు మీది మందుల షాపుకు ఆదాయంలో ఎక్కువ భాగం సర్కారు నుంచే వస్తుంది. కోత పడితే షాపువాడికి నష్టం, కాబట్టి ప్రతి షాపు కౌంటరూ ఒక ఉద్యమ కేంద్రమే. మా పిల్లలు చూసి అచ్చం అలాగే, దవాఖాన గేటు ఎదురుగా వరసగా ఉన్న మెడికల్ షాపుల కౌంటర్ల మీద పుస్తకాలు పెట్టారు! ఓనర్లు నవ్వుతూ సంతకం పెట్టారు, ఒకాయన చాయ్ కూడా తాగించాడు. మూడో రోజు సాయంత్రం నేను అక్కడ నిలబడి చూస్తే అర్థమైంది. ఒక ముసలాయన దవాఖాన చీటీ పట్టుకుని వచ్చి ఇన్సులిన్ కొంటున్నాడు, ఆ పక్కనే మా పుస్తకం. లోపల మందు లేకపోతే ఎవరి గల్లా నిండుతుందో వాళ్ల బల్ల మీదే మా పోరాటం కూర్చుంది. షాపువాళ్లను తప్పు పట్టడం లేదు, వాళ్ల వ్యాపారం వాళ్లది. ఇక్కడ ఎవరికి నొప్పి, ఎవరికి లాభం అని మేం ఒక్క పూట కూడా ఆలోచించలేదు, అంతే.

సంతకాలు తీసుకుని జిల్లా అధికారి దగ్గరికి వెళితే ఆయన ఒకే ప్రశ్న వేశాడు. ‘కోత అంటున్నారు, ఏ ఆర్డరు? నంబరు చెప్పండి.’ మా దగ్గర లేదు. ‘కోతలేమీ లేవమ్మా’ అని పుస్తకాలు పక్కన పెట్టాడు. ఇంగ్లండ్‌వాళ్లకు లేఖ ఉంది, తేదీ ఉంది, అంకె ఉంది, దాంతో కొట్లాడారు. మన దగ్గర కోతకు కాగితం ఉండదు.

ఇక్కడ ఒక గొడవ

ఇంటర్న్‌లు తమ స్టైపెండ్ డిమాండ్ కూడా కలపాలన్నారు. న్యాయమైనదే, ఏడాదంతా వార్డుల్లో పని చేసి ఒక్క రూపాయి చూడరు, బస్సు చార్జీలు ఇంటి నుంచే. నేను వద్దన్నాను. రెండూ కలిపితే ఎదుటివాడు రెండోది పట్టుకుంటాడు, ‘ఓహో, మీ పైసల కోసమా’ అంటాడు, పేషంట్ల మాట అక్కడితో పోతుంది. నా లెక్క అది. ఓటింగు పెట్టారు, కొద్ది తేడాతో నా మాట నెగ్గింది, నలుగురు ఇంటర్న్‌లు గ్రూపు నుంచి వెళ్లిపోయారు. వాళ్లలో ఒకడు నాతో ఇప్పటికీ సరిగా మాట్లాడడు. ఆ నిర్ణయం సరైనదేనా అని అడిగితే ఫలితం వరకు సరైనదే అంటాను, ఆ పిల్లవాడి మొహం చూసినప్పుడు మాత్రం అంత గట్టిగా అనలేను.

రెండో ప్రయత్నం: గేటు ముందు

సోమవారం పదకొండింటికి ధర్నా. తెల్ల కోట్లు, ప్లకార్డులు, ‘మందులు ఇవ్వని సర్కారు’ అంటూ. ఓపీ రద్దీ టైము ఎంచుకున్నది జనం ఉంటారని. జనం ఉన్నారు, కోపమూ వచ్చింది, కానీ ఆ కోపం ఎటు పోయిందో చూడండి. మందుల కిటికీ వైపు. కిటికీ లోపల ఉన్నది ఒక కాంట్రాక్టు ఫార్మసిస్టు, మేడమ్ అనే అంటాను, ఆమెకే మూడు నెలల జీతం రాలేదు. ‘మందులు ఎవరికి అమ్ముకుంటున్నవ్’ అని ఎవరో అరిచారు. జాలీ ఊపారు. ఆమె కిటికీ తలుపు వేసుకుని లోపల స్టూలు మీద కూర్చుండిపోయింది. మర్నాడు ఆమెకే మెమో, స్టాకు విషయాలు బయటికెలా వచ్చాయని. పేపర్లో జిల్లా ఎడిషన్‌లో ఫొటో వచ్చింది, పిల్లలు స్టేటస్ పెట్టుకున్నారు. వారం తర్వాత మందులు ఎన్ని ఉన్నాయో అన్నే ఉన్నాయి. పైగా మా పిల్లలను వార్డుల్లోకి రానివ్వాలా వద్దా అని ఒక మీటింగు పెట్టారు. ట్రైనింగు పోతే వాళ్ల చదువే ఆగుతుంది, ఇంట్లోవాళ్లు నాకు ఫోన్లు. టెన్షన్‌తో రెండు రాత్రులు నిద్ర లేదు.

పిల్లలను తీసుకెళ్లి మేడమ్‌కు సారీ చెప్పించాను. ఆమె ఏమీ అనలేదు, తల ఊపింది. అప్పుడు నాకు తట్టింది ఒకటే. ఆమెకు ఉపయోగపడే పని ఏదైనా చేస్తే తప్ప ఆ కిటికీ దగ్గర నిలబడే హక్కు మాకు లేదు. చదువురాని పేషంట్లకు గోలీలు ఎప్పుడెప్పుడు వేసుకోవాలో చెప్పడం ఎలాగూ మా సిలబస్‌లో పనే. సూపరింటెండెంట్ దగ్గర పర్మిషన్ తీసుకుని ఇద్దరిద్దరిని కిటికీ పక్కన బెంచీ మీద కూర్చోబెట్టాను. కవర్ల మీద పెన్నుతో పొద్దుటి గోలీకి సూర్యుడు, రాత్రి గోలీకి చందమామ గీసి ఇచ్చేవాళ్లు. క్యూలో ప్రశ్నలు తగ్గాయి, ఆమె పని కాస్త తేలికైంది.

మూడోది: తప్పు లెక్క

ఆ బెంచీ మీద నుంచే లెక్క మొదలుపెట్టాం. పేషంట్ పేరు వద్దు, ఊరు వద్దు. చీటీలో ఉన్న మందు, ఇచ్చారా లేదా. రెండు వారాలు. ఆ షీట్లు పట్టుకుని ధీమాగా సూపరింటెండెంట్ రూముకి వెళ్లాం. ఆయన మానిటర్ మా వైపు తిప్పాడు. షుగర్ గోలీ మెట్‌ఫార్మిన్, స్టాకు ఉంది. బీపీ గోలీ ఆమ్లోడిపిన్ ఉంది. ఫెనిటోయిన్ ఉంది. ‘మీ కాగితం కూడా అదే చెబుతోంది కదయ్యా, లేదు అన్నవాటికంటే ఉంది అన్నవే ఎక్కువ.’ నిజమే. తల దించుకుని వచ్చేశాం.

సాయంత్రం ఓపీ అయ్యాక మేడమ్ కిటికీ మూస్తూ మొదటిసారి నాతో మాట్లాడింది. ‘ఉన్నదా లేదా అని రాస్తున్నరు సార్ మీ పిల్లలు. ఉన్నదనే కదా నేను ఇస్తున్న. ఎన్ని రోజులకు ఇస్తున్ననో అది రాయుమనండి.’

స్టాకు సున్నా అయితే పైనుంచి అడుగుతారు, జనం కొట్టడానికొస్తారు. అందుకని సున్నా కానివ్వరు. డాక్టరు 30 రోజులకు రాస్తే 10 రోజులకు ఇస్తారు, మిగతాదానికి మళ్లీ రమ్మంటారు. కంప్యూటర్లో మందు ఎప్పుడూ ఉంటుంది, మళ్లీ రాలేని పేషంట్ ఇంట్లో నెలలో ఇరవై రోజులు ఉండదు. ఆమె చేతిలో ఇంతకంటే వేరే దారి లేదు, ఉన్నది అందరికీ తలా కొంత పంచుతోంది, అది అన్యాయం కూడా కాదు.

నాలుగోది

షీటు మార్చాం. రాసినవి ఎన్ని రోజులకు, ఇచ్చినవి ఎన్ని రోజులకు, మళ్లీ ఎప్పుడు రమ్మన్నారు, ఎంత దూరం నుంచి వచ్చారు. ఐదే ఐదు మందులు: మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్, ఆమ్లోడిపిన్, ఫెనిటోయిన్, ఇన్సులిన్. పిల్లలు అన్నీ రాస్తామన్నారు, నేను ఒప్పుకోలేదు. యాంటీబయాటిక్ పెడితే ‘డాక్టరు సర్కారు మందుల లిస్టులో లేనిది రాశాడు’ అని తప్పించుకోవచ్చు. ఇవి ఐదూ లిస్టులో ఉండేవే, నెలనెలా వాడాల్సినవే, వీటిలో వాదనకు సందు లేదు.

మూడు వారాలు రాశారు. ఇన్సులిన్ మధ్యలో కొన్ని రోజులు అసలు లేదు. మిగతా నాలుగూ దాదాపు ప్రతి చీటీలో అదే తంతు, రాసింది నెలకు, ఇచ్చింది పది రోజులకు.

నాకు గుర్తుండిపోయిన ఒక మనిషి. అరవై దాటిన ఆమె, భర్తకు బీపీ, షుగర్. ఆయన చీటీ తనే పట్టుకొచ్చింది. ఆయన రాలేదా అని మావాడు అడిగితే, ‘ఆయనకు టికెట్ అవుతది బిడ్డా, నాకు ఫ్రీ కదా’ అంది. 2023 డిసెంబర్ నుంచి ఆడవాళ్లకు బస్సు ఫ్రీ అయ్యాక ఇలా వచ్చే భార్యలు, తల్లులు చాలామంది కనిపించారు మాకు. నెలకు మూడుసార్లు వస్తోంది. ‘మరి కూలి పోతలేదా అవ్వా?’ ‘పోతది. పోకపోతే ఎట్ల?’ మూడు కూళ్లు. ఏ బడ్జెట్ కాగితంలోనూ రాని ఖర్చు అది, మా షీటులో ఐదో గడి చేర్చి రాశాం.

ఇంకో పక్క సమాచార హక్కు దరఖాస్తు. మొదటిసారి పిల్లలు 19 ప్రశ్నలు రాశారు, ‘బడ్జెట్ ఎందుకు తగ్గించారు’తో మొదలుపెట్టి. చించేయమన్నాను. ఎందుకు అని అడిగితే అది సమాచారం కిందకు రాదని తిప్పి పంపుతారు. కాగితం మీద ఇప్పటికే ఉన్నదే అడగాలి. మూడే రాశాం. గత రెండేళ్లలో మూడు నెలలకోసారి మందుల కేటాయింపు ఎంత. ఆ కేటాయింపుకు ఎన్ని మంచాలు లెక్కలోకి తీసుకున్నారు. లోకల్ పర్చేజ్ బిల్లులు ఏ తేదీన పెట్టారు, ఏ తేదీన డబ్బు వచ్చింది. పది రూపాయల పోస్టల్ ఆర్డర్, ఒక రిటైర్డ్ టీచర్ పేరు మీద, పిల్లల పేరు మీద కాదు. 30 రోజుల్లో రావాలి, రాలేదు, మొదటి అప్పీలు వేశాక వచ్చింది.

రెండు పేజీలు. చదివితే ఆ అధికారి అబద్ధం చెప్పలేదని తేలింది. కేటాయింపు ఒక్క రూపాయి తగ్గలేదు. పెరగలేదు కూడా. మంచాలు పెరిగాయి, లెక్క మాత్రం పాత మంచాలదే. అదే గంపెడు అన్నం, విస్తళ్లు పెరిగాయి. ఇక లోకల్ పర్చేజ్ బిల్లులు మూడు, మూడింటికీ ట్రెజరీ టోకెన్ నంబర్లు (బిల్లు అందిందనే గుర్తు) పడ్డాయి, పైసలు పడలేదు. ఊళ్లో సప్లయర్ అప్పివ్వడం మానేశాడు, ఇన్సులిన్ ఆగింది అందుకే.

మా నినాదమే తప్పని ఒప్పుకోవాల్సి వచ్చింది. ‘కోత ఆపండి’ అని ఆర్నెల్లు అరిచినా ‘కోత లేదు’ అనే జవాబొస్తుంది, అది నిజం కూడా. పిల్లలకు నచ్చలేదు, కోత అంటేనే జనానికి తగులుతుంది సార్ అన్నారు. రెండు గంటలు వాదన. చివరికి కాగితం పైన ఇలా రాశాం: ‘మంచాల లెక్క ప్రకారం మందులివ్వండి. ఆగిన మూడు బిల్లులు చెల్లించండి.’ ఒక్క పేజీ, కింద టోకెన్ నంబర్లు, మా లెక్క జతచేసి.

సోమవారం ప్రజావాణిలో, అంటే కలెక్టర్‌కు జనం అర్జీలిచ్చే చోట, ఇవ్వాలనుకున్నాం. దానికి ముందు శుక్రవారం నాడే ఒక కాపీ సూపరింటెండెంట్‌కు ఇద్దామన్నాను. జాగ్రత్తపడిపోతారని పిల్లల భయం. పడితే పడనీ అన్నాను, ఆయనకు తెలియకుండా కలెక్టర్ ముందు పెడితే ఆయన తనను కాపాడుకోవడానికే మాట్లాడతాడు. ఇచ్చాం. ఆయన చాలాసేపు చదివి, సొరుగులోంచి రెండు కాగితాలు తీసి చూపించాడు. మంచాల లెక్క సవరించమని ఆయనే పైకి రాసిన లేఖలు, జవాబు రానివి. మేం గేటు ముందు ఎవరినైతే తిట్టామో ఆయన దగ్గర మాకంటే ముందే అదే డిమాండ్ ఉంది.

ప్రజావాణికి తెల్ల కోట్లు లేకుండా ముగ్గురు పిల్లలు, ఆ అవ్వ, మూర్ఛ అబ్బాయి తల్లి వెళ్లారు. నేను వెళ్లలేదు. నాలుగు నిమిషాలు మాట్లాడారట. అక్కడికక్కడే సూపరింటెండెంట్‌కు ఫోన్ వెళ్లింది, ఆయన లేఖల తేదీలు చెప్పాడు.

ఏం దొరికింది, ఏం దొరకలేదు

తర్వాతి మూడు నెలల కేటాయింపులో కొంత పెంచారు, పూర్తిగా కొత్త మంచాల లెక్కకు కాదు. బీపీ, షుగర్, ఫిట్స్ గోలీలు మళ్లీ నెలకు ఇస్తున్నారు. బిల్లుల్లో ఒకటి వచ్చింది, రెండు రాలేదు, ఇన్సులిన్ ఒక నెల ఉంటే ఒక నెల ఉండదు. మేడమ్ మీద మెమో వెనక్కి తీసుకోలేదు, ఆమె సర్వీసు కాగితాల్లో అది అలాగే ఉంది, అది మా ధర్నా చేసిన పని. స్టైపెండ్ సంగతి ఎవరూ ఎత్తలేదు.

మళ్లీ చేయాల్సి వస్తే ధర్నా ఉండదని అనను. లెక్క చేతిలో పెట్టుకుని, కిటికీకి దూరంగా, ఓపీ లేని టైములో, డబ్బు ఆగిన ఆఫీసు ముందు చేస్తాను.

ఇక ఆ మూర్ఛ అబ్బాయి కేస్ షీటు. కొత్త లెక్క చేతికొచ్చాక, హిస్టరీ తీసిన ఆ అమ్మాయే దాన్ని వెతికి తెచ్చింది. తల్లికి ఇచ్చింది పది రోజుల గోలీలు, ఆమె రోజు విడిచి రోజు వేసి ఇరవై రోజులు లాగింది. ఫెనిటోయిన్ అలా తగ్గిస్తే ఫిట్స్ వస్తాయని మేం పరీక్షల్లో అడిగే ప్రశ్నే. మొదటి వారంలోనే జవాబు మా చేతిలో ఉంది, దాని మీద ‘కంప్లయన్స్ లేదు’ అని రాసి, సంతకం పెట్టి ఫైల్లో పెట్టేశాం. ఆ అమ్మాయి టిక్కు కొట్టేసి పక్కన ‘10 రోజులకే ఇచ్చారు’ అని రాసి నా ముందు పెట్టింది. తేదీ వేసి మళ్లీ సంతకం పెట్టాను. ఈ ఏడాది నుంచి మా ఫారంలో ఆ గడికి ముందు ఇంకో గడి ఉంది, దవాఖాన ఎన్ని రోజులకు ఇచ్చింది అని. అది నింపకుండా తెస్తే షీటు తిప్పి పంపుతున్నాను.